నీటి కాఠిన్యత పరీక్ష: చివరి చుక్కల దగ్గర తొందర వద్దు

ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళినప్పుడు, బల్క్ కూలర్ కడిగే నీటి రిజిస్టరులో వరుసగా మూడు రోజులు లీటరుకు 70 మిల్లీగ్రాముల కాఠిన్యత వ్రాసి ఉన్నది. అది సాఫ్టెనర్ నుండి వచ్చిన నీరు. రోజూ ఉప్పునీటితో రెజిన్‌ను శుభ్రపరుస్తున్నారు, ఉప్పు బస్తాలు తరిగిపోతున్నవి. యంత్రం చెడిందని మెకానిక్‌కు చెల్లింపు ఆపివేశారు. నేనూ ఆ అంకెనే నమ్మి అతనిని సంజాయిషీ అడిగాను. తరువాత నా ఎదుట పరీక్ష చేయించగా, 50 మి.లీ. నీటికి 3.5 మి.లీ. ఇ.డి.టి.ఎ. ద్రావణం (0.01 మోలార్) పట్టినది. అదే నీటికి నేను నెమ్మదిగా చేయగా 2.2 మి.లీ. పట్టినది, అనగా 44 మిల్లీగ్రాములే. తేడా అంతా బ్యూరెట్ కుళాయి త్రిప్పిన తీరులో ఉన్నది. మెకానిక్‌ను ముందుగా అడగడం నా పొరపాటే.

కుప్పెలో జరిగేది ఇది. ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే రంగు, నీటిలోని మెగ్నీషియంతో కలిసి ద్రాక్షరసం వంటి ఎరుపునిస్తుంది. ఇ.డి.టి.ఎ. ఒక్కొక్క అయాన్‌ను ఆరు చోట్ల పట్టుకొని సంశ్లిష్టంగా మార్చగలదు. మొదట కాల్షియంను, తరువాత విడి మెగ్నీషియంను, చిట్టచివర రంగు పట్టులో ఉన్న మెగ్నీషియంను లాగుకుంటుంది. అప్పుడు రంగు విడివడి నీలమవుతుంది.

లోహ అయాన్ నీటిలో ఒంటరిగా ఉండదు, చుట్టూ నీటి అణువులను కప్పుకొని ఉంటుంది. ఒక అణువు జారితేనే కొత్త లైగాండుకు చోటు. కాల్షియం సెకనుకు పది కోట్ల సార్లకు పైగా నీటిని మార్చుకుంటే, మెగ్నీషియం లక్షల సార్లు మాత్రమే. ఇటువంటి అతివేగపు చర్యలను కొలిచే పద్ధతికి జర్మనీకి చెందిన మాన్‌ఫ్రెడ్ ఐగెన్ 1967లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

లక్షల సార్లన్నా మన కంటికి రెప్పపాటే గదా, మరి ఆలస్యమెందుకు? చర్యావేగం రెండు వైపుల గాఢతపైనా ఆధారపడుతుంది. రెండూ సగమైతే వేగం నాలుగో వంతుకు పడుతుంది. చివరకు మిగిలేది రంగు విడువని కొద్దిపాటి మెగ్నీషియం, దానికి ఎదురు ఒక చుక్కలోని ఇ.డి.టి.ఎ. సంత ముగిసే వేళ కొనేవాడు, అమ్మేవాడు ఒకరికొకరు దొరకడం ఆలస్యమైనట్లే. ఆ లోగా మన టెస్టరు, రంగు మారలేదని మరి నాలుగు చుక్కలు వదులుతాడు.

కనుక ఎరుపు ఊదాగా మారగానే చుక్కకు చుక్కకు మధ్య మూడు నాలుగు సెకన్లు ఆగి, కుప్పెను త్రిప్పవలెను. ఎర్ర ఛాయ పూర్తిగా పోయినదే అంత్యబిందువు. చలికాలపు తెల్లవారుజామున చన్నీటిని అట్లాగే పరీక్షించకండి, గది వేడికి రానివ్వండి. అట్లని మొదటినుండీ నత్తనడకన చేయరాదు. బఫరు కలిపిన క్షారజలంలో కాల్షియం కార్బొనేటు తెల్లగా విడిపోవచ్చును, కనుక అయిదు నిమిషాలలో ముగించవలెను.

ఎంత ఆగినా నీలం రాకుంటే నీటిలో రాగి ఉన్నదేమో చూడండి. రాగి ఆ రంగును పట్టి వదలదు. రాత్రంతా ఇత్తడి కుళాయిలో నిలిచిన నీటిని కాసేపు పారబోసి, తరువాతి నీటిని పట్టుకోగలరు.