బ్రతికున్న మనిషిని మోసిన నలుగురు

చదువవలసిన వాక్యభాగము: మార్కు సువార్త 2:1-12



మన వైపు "ఆ నలుగురు" అంటే పాడె మోసేవారని అర్థం. మనిషి పోయాక భుజం పట్టడానికి చాలామంది వస్తారు. కపెర్నహూములో మాత్రం నలుగురు బ్రతికున్న మనిషిని మోశారు. అతడు పక్షవాతంతో పడి ఉన్నవాడు. యేసు ఉన్న ఇంటి వాకిలి దగ్గర కూడా జనం నిండిపోయి దారి లేకపోయింది. అయినా వారు వెనక్కి పోలేదు. ఇంటి కప్పు విప్పి, పరుపుతో సహా అతన్ని ప్రభువు ముందుకు దింపారు. ఆ నలుగురి విశ్వాసాన్ని ప్రభువు చూశాడు. వారి పేర్లు మాత్రం వాక్యంలో లేవు.

ఆ పరుపును ఒక్కడే మోయగలిగేవాడా? ఆలోచించండి. మన ఇళ్ళలో పెద్దాయనకు పక్షవాతం వస్తే నాలుగు మూలలూ ఒక్కరే పట్టుకుంటారు. ఆమె భార్య కావచ్చు, కోడలు కావచ్చు. తినిపించేది ఆమే, బెడ్‌పాన్ పెట్టేది ఆమే, రాత్రి మేలుకొనేది ఆమే. మిగిలినవారు సాయంత్రం పండ్లు తెచ్చి, కాసేపు నిలబడి, "ఆమెకు ఎంత ఓపికో" అని మెచ్చుకొని వెళ్తారు. మెచ్చుకోవడం మోయడం కాదు. ఇతరుల మేలు కూడా చూడమని ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయంలో పౌలు చెప్పింది సంఘమంతటికీ. కోడలికి ఒక్కదానికే కాదు.

మీ ఇంట్లో నాలుగు మూలలు ఇలా పంచుకోండి.

1. రాత్రి కాపలా: కదలలేని రోగిని 2 గంటలకొకసారి ప్రక్కకు తిప్పాలి, రాత్రి కూడా. లేకపోతే నడుము క్రింద, పిరుదుల దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఒక్కరే రోజూ మేలుకొని ఈ పని చేయలేరు. వంతులు వేసుకోండి.

2. లేపడం: ఇద్దరు కలిసి, రోగి క్రింద పరచిన దుప్పటిని చెరొక వైపు పట్టుకొని జరపండి. పడిపోయిన చేయి పట్టి లాగవద్దు, భుజం కీలు దెబ్బతింటుంది.

3. తినిపించడం: నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు నిదానంగా పెట్టండి. తిన్నాక కనీసం 30 నిమిషాలు పడుకోబెట్టవద్దు. పొలమారినా, దగ్గు వచ్చినా వెంటనే ఆపి నర్సుకు చెప్పండి. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

4. సేవ చేసేవారి ఆరోగ్యం: ఆమె అన్నం తిన్నదా? తన బి.పి., షుగరు మాత్రలు వేసుకున్నదా? ఎవరైనా ఒకరు రోజూ అడగాలి. వారానికి ఒక రోజైనా ఆమెకు పూర్తి విశ్రాంతి ఇవ్వండి.

"మగవాళ్ళు ఈ పనులేం చేస్తారు?" అని కొందరంటారు. ప్రభువు తానే నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగాడని యోహాను 13వ అధ్యాయంలో చదువుతాం. తండ్రికి బెడ్‌పాన్ పెట్టడం కొడుకుకు నామోషీ కాదు.

సేవ చేస్తున్న అమ్మా, మీకు కూడా ఒక మాట. "నావల్ల కావడం లేదు, ఒక చేయి వేయండి" అని అడగడం ప్రేమ తక్కువై కాదు. ఇంట్లో ఇంకెవరూ లేకపోతే మాతో చెప్పండి, మీ సంఘంలో చెప్పండి. మోయడానికి వచ్చిన నలుగురూ ఆ రోగికి బంధువులని వాక్యం చెప్పలేదు.

ఈ పూట మీరు చూడటానికి వచ్చినవారైతే, వెళ్ళే ముందు ఒక్క మాట అనండి: "వదినా, ఈ రాత్రికి నేనుంటాను, మీరు వెళ్ళి పడుకోండి." మీరు పట్టుకోవలసిన మూల అదే.

ప్రార్థన: ప్రభువా, మా ఇంట్లో అలసిపోయిన వారిని చూసే కన్నులు, వారి భారంలో పాలు తీసుకునే చేతులు మాకు దయచేయుము. ఆమేన్.