క్రీడోద్యానంలో పరుగు

ప్రవేశిక: పరుగు అందరికీ తెలిసిన ఆట. దానికి మైదానం లేకపోయినా ఫరవాలేదు, వీధి చాలు. కాని ఎక్కడ పరుగెత్తాలి, ఎంత దూరం పరుగెత్తాలి, ఎలా సిద్ధం కావాలి అన్నవి తెలుసుకొని పరుగెత్తితేనే అది ఆరోగ్యాన్నిస్తుంది. ఒక వింతైన పరుగు పందెం ద్వారా ఆ సంగతులను ఈ పాఠం వివరిస్తుంది.

మనలి నుండి బయలుదేరి, తండయార్‌పేట, రాయపురం దాటి, మెరీనా తీరం వెంట అడయారు నది దరిదాపులకు చేరితే ఇంచుమించు ఇరవై ఒక్క కిలోమీటర్లు అవుతుంది. బస్సులో వెళ్ళేవారికే అది చాలా దూరం. ఆ దూరాన్ని ఎక్కడా వాహనం ఎక్కకుండా, కాళ్ళను నమ్ముకొని ఒకే ఊపున పూర్తిచేసే పందెమే అర్ధ మారథాన్. దాని కచ్చితమైన దూరం 21.0975 కిలోమీటర్లు. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు.

ఈ విడ్డూరమైన అంకె ఎలా వచ్చింది? క్రీస్తుపూర్వం 490లో గ్రీసు దేశంలోని మారథాన్ అనే చోట యుద్ధం జరిగింది. గెలుపు వార్తను మోసుకొని ఒక దూత ఏథెన్సు నగరానికి పరుగెత్తాడనీ, వార్త చెప్పి నేలకొరిగాడనీ ఒక కథ ఉన్నది. 1896లో ఏథెన్సులో ఆధునిక ఒలింపిక్ క్రీడలు మొదలైనప్పుడు ఆ కథను తలచుకొని దాదాపు 40 కిలోమీటర్ల పందెం పెట్టారు. నీళ్ళు మోసి బ్రతికే స్పిరిడాన్ లూయీ అనే గ్రీకు యువకుడు అందులో గెలిచాడు. 1908లో లండన్ ఒలింపిక్ క్రీడలలో పరుగును విండ్సర్ కోట దగ్గర ప్రారంభించి క్రీడారంగంలో ముగించారు. ఆ దారి పొడవు 42.195 కిలోమీటర్లు. 1921లో అదే దూరాన్ని స్థిరపరచారు. అందులో సగమే అర్ధ మారథాన్.

సాధారణంగా ఇటువంటి పరుగులు నగర వీధులలో జరుగుతాయి. ఒక చోట మాత్రం ఇది వినోదాల నడుమ సాగుతుంది. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ఆర్లాండో నగరం దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ అనే పెద్ద క్రీడోద్యానం ఉన్నది. అది 1971 అక్టోబరు 1న ప్రారంభమయింది. రంగులరాట్నాలు, బొమ్మల కోటలు, కథలలోని పాత్రల వేషాలు వేసుకొని తిరిగే మనుషులు, ఇలా పిల్లలను మురిపించే ఏర్పాట్లెన్నో అక్కడ ఉన్నాయి. లోపల నాలుగు వేర్వేరు ఉద్యానాలు, వాటిని కలిపే రహదారులు ఉన్నాయి. 1994 జనవరిలో ఆ రహదారుల మీద మొదటిసారి మారథాన్ నిర్వహించారు. తరువాత అర్ధ మారథాన్‌ను కూడా చేర్చారు. ప్రతి సంవత్సరమూ జనవరిలో వేలాదిమంది అక్కడికి చేరుకుంటారు.

ఈ పరుగు సూర్యోదయానికి ముందే మొదలవుతుంది. ఎప్‌కాట్ అనే ఉద్యానం దగ్గర జనాన్ని జట్లుజట్లుగా నిలబెడతారు. వేగంగా పరుగెత్తేవారు ముందు జట్లలో, నెమ్మదిగా పరుగెత్తేవారు వెనుక జట్లలో ఉంటారు. అందరినీ ఒక్కసారే వదిలితే తొక్కిసలాట జరుగుతుంది. అందువల్ల ఒక జట్టు కదిలిన కొంతసేపటికి మరొక జట్టును వదులుతారు. చీకటిలో కొంత దూరం రహదారి మీద సాగి, మేజిక్ కింగ్‌డమ్ అనే ఉద్యానంలో ప్రవేశిస్తారు. అక్కడ 189 అడుగుల ఎత్తున సిండ్రెల్లా కోట దీపాలతో వెలుగుతూ ఉంటుంది. కోట ద్వారం గుండా పరుగెత్తి అవతలికి వస్తారు. మళ్ళీ ఎప్‌కాట్‌కు చేరితే పరుగు పూర్తయినట్లు.

దారి పొడవునా వాద్యబృందాలు ఉంటాయి. కథలలోని పాత్రలు అక్కడక్కడ నిలబడి పలకరిస్తాయి. కొందరు తాము కూడా వేషాలు వేసుకొని పరుగెత్తుతారు. మరికొందరు నడుమ ఆగి, వరుసలో నిలిచి, ఆ పాత్రలతో ఫోటోలు తీయించుకుంటారు. చూసేవారికి ఇది పందెమా, తిరునాళ్ళా అన్న సందేహం కలుగుతుంది.

అయినా ఇందులో ఒక కఠినమైన నియమం ఉన్నది. మైలుకు 16 నిమిషాలకన్నా ఎక్కువ సమయం తీసుకోకూడదు. అంటే కిలోమీటరుకు దాదాపు పది నిమిషాలు. ఈ లెక్కన మొత్తం దూరాన్ని సుమారు మూడున్నర గంటలలో ముగించాలి. ఈ వేగాన్ని చూపడానికి కొందరు బెలూన్లు పట్టుకొని అందరికంటె చివర బయలుదేరుతారు. వారు ఆగరు, తొందరపడరు. ఒకే తీరుగా నడుస్తారు. వారికన్నా వెనుకబడినవారిని బస్సు ఎక్కించి గమ్యానికి చేరుస్తారు. కోట ముందు ఫోటో కోసం పది నిమిషాలు నిలిచినవారు ఆ పది నిమిషాలను తరువాత తమ కాళ్ళతోనే తిరిగి సంపాదించుకోవాలి. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. ఆ కష్టం గెలిచేవారికన్నా చివరన ఉన్నవారికే ఎక్కువ.

ఈ నియమం నిర్దయగా కనిపించవచ్చు. కాని దానికి కారణం ఉన్నది. ఉద్యానం తలుపులు ఉదయమే సందర్శకులకు తెరవాలి. మూసి ఉంచిన దారులను మళ్ళీ వాహనాలకు వదలాలి. నీళ్ళు అందించేవారు, వైద్యులు, కాపలాదారులు ఎంతసేపైనా నిలబడి ఉండలేరు. ఎండ ముదిరితే పరుగెత్తేవారికే ప్రమాదం. సమయానికి కట్టుబడి నడిచినవారిలో మొదటివానికీ చివరివానికీ పతకం ఒకటే ఇస్తారు.

ప్రకృతి ముందు ఎంత గొప్ప ఏర్పాటైనా తలవంచవలసిందే. 2017 జనవరిలో ఉరుములు, మెరుపులతో గాలివాన రానున్నదని తెలిసి నిర్వాహకులు అర్ధ మారథాన్‌ను రద్దు చేశారు. నెలల తరబడి సాధన చేసి, దూరప్రాంతాలనుండి ఖర్చుపెట్టుకొని వచ్చినవారు నిరాశపడ్డారు. కొందరు తాము దిగిన బసల చుట్టూ తిరిగి తిరిగి ఆ దూరాన్ని పూర్తిచేశారు. వేలమందిని మెరుపుల కింద ఆరుబయట నిలబెట్టడం కన్నా పందెం మానడమే మేలని నిర్వాహకులు తలచారు. పతకం మరుసటి ఏడు కూడా దొరుకుతుంది, ప్రాణం దొరకదు.

మనదేశంలోను దూరపు పరుగుకు ఆదరణ పెరిగింది. 2004లో ముంబయి మారథాన్, 2005లో ఢిల్లీ అర్ధ మారథాన్ మొదలయ్యాయి. చెన్నై, హైదరాబాదు నగరాలలోను ఏటా మారథాన్ జరుగుతున్నది. విశాఖపట్నం సముద్రతీరంలో నౌకాదళం పరుగును నిర్వహిస్తున్నది. బీహారుకు చెందిన శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో పూర్తి మారథాన్‌ను 2 గంటల 12 నిమిషాలలో ముగించాడు. నలభై ఏళ్ళకు పైగా మరే భారతీయుడూ ఆ సమయాన్ని మించలేకపోయాడు. మహారాష్ట్రలోని కరువు ప్రాంతమైన బీడ్ జిల్లాలో పుట్టిన అవినాశ్ సాబ్లే 2020లో ఢిల్లీ అర్ధ మారథాన్‌ను 1 గంట 30 సెకన్లలో ముగించాడు. అంటే ప్రతి కిలోమీటరునూ మూడు నిమిషాలకన్నా తక్కువలో దాటాడన్నమాట.

ఇటువంటి పరుగుకు శరీరాన్ని క్రమంగా సిద్ధం చేయాలి. మొదట నడక, తరువాత నడక పరుగు కలిపి, ఆ తరువాత పరుగు. వారం వారం దూరాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. కండరాలలో నిలువ ఉన్న పిండిపదార్థమే పరుగుకు ముఖ్యమైన ఇంధనం. మొదట్లోనే వేగంగా పరుగెత్తితే ఆ నిలువ తొందరగా తరిగిపోతుంది. శరీరం వేడెక్కినప్పుడు చెమట పడుతుంది. ఆ చెమట ఆరినప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. చెన్నై వంటి తీరప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట తొందరగా ఆరదు. అందువల్ల ఇక్కడ పరుగెత్తేవారు వేగం తగ్గించుకోవాలి. దాహానికి తగినట్లు నీరు త్రాగాలి. అవసరాన్ని మించి త్రాగినా రక్తంలో ఉప్పు పలుచబడి ప్రమాదం కలుగుతుంది. తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆగిపోవాలి. అర్ధ మారథాన్ ఎదిగే పిల్లలకు తగినది కాదు. చాలా పందెాలలో కనీస వయస్సు నిర్ణయించి ఉంటుంది. పిల్లలకు రెండు మూడు కిలోమీటర్ల పరుగు చాలు.

పరుగెత్తేవారికి తిండి, నీరు ఎంత ముఖ్యమో గాలి కూడా అంతే ముఖ్యం. విశ్రాంతిగా ఉన్న పెద్దమనిషి నిమిషానికి ఆరు నుండి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. వేగంగా పరుగెత్తేటప్పుడు అది పది రెట్లు దాటుతుంది. ముక్కుతో పాటు నోటితోనూ పీల్చడం వల్ల ముక్కు వడకట్టవలసిన దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. మనలిలో ఈ విషయం మరీ ముఖ్యం. 1960ల నుండి ఇక్కడ చమురుశుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, వాటిని ఆనుకొని రసాయన కర్మాగారాలు వెలిశాయి. అవి వేలాది కుటుంబాలకు అన్నం పెట్టాయి. పని వెదుక్కుంటూ వచ్చిన ఎందరికో ఇది సొంత ఊరయింది. అదే సమయంలో పొగ, దుమ్ము కూడా పెరిగాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అత్యధికంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాలను గుర్తించినప్పుడు మనలి వాటిలో ఉన్నది.

అందుచేత ఇక్కడి పిల్లలు పరుగు మానుకోవాలా? అక్కరలేదు, ఆలోచించి పరుగెత్తాలి. కంటెయినర్ లారీలు బారులుతీరే రోడ్ల ప్రక్కన పరుగెత్తకూడదు. బడి మైదానం, చెట్లున్న వీధి, సముద్రతీరం మేలు. చలికాలపు వేకువలో నేలకు దగ్గరగా ఉన్న చల్లగాలి పైకి లేవదు. పొగ అందులోనే చిక్కుకొని ఉంటుంది. పొగమంచుతో ఘాటైన వాసన వచ్చే రోజున పరుగు మాని, ఇంటిలోనే వ్యాయామం చేయడం మంచిది.

ఆ క్రీడోద్యానంలో పరుగెత్తేవారికి ఉన్న అత్యుత్తమ సౌకర్యం కోటా కాదు, దీపాలూ కాదు. కొన్ని గంటలసేపు దారి మీద వాహనాలు లేకుండా చేసి, దానిని కాళ్ళకు అప్పగించడమే. ఆ సౌకర్యానికి సముద్రాలు దాటి పోనక్కరలేదు. వారానికి ఒక ఉదయం ఒక వీధిని వాహనాలకు మూసి పిన్నపెద్దలకు వదలినా అది ఊరికి క్రీడోద్యానమే అవుతుంది. అలాంటి వీధిని కోరడం పౌరుల హక్కు. దానిని శుభ్రంగా ఉంచడం వారి బాధ్యత.

అభ్యాసములు

అ) కఠిన పదములు – అర్థములు
విడ్డూరము = వింత
దరిదాపు = సమీపము
గమ్యము = చేరవలసిన చోటు
నిర్వాహకులు = నడిపించేవారు
బస = తాత్కాలికంగా దిగే చోటు

ఆ) క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యములలో జవాబులు వ్రాయుము.
1. మారథాన్ అనే పేరు ఎలా వచ్చింది?
2. పరుగెత్తేవారిని జట్లుగా విడదీసి ఎందుకు వదులుతారు?
3. బెలూన్లు పట్టుకొని నడిచేవారి పని ఏమిటి?
4. చెన్నైలో చెమట తొందరగా ఎందుకు ఆరదు?

ఇ) క్రింది ప్రశ్నలకు పది వాక్యములలో జవాబులు వ్రాయుము.
1. క్రీడోద్యానంలో జరిగే అర్ధ మారథాన్‌ను వర్ణింపుము.
2. 2017లో పరుగును రద్దుచేయడం సరియైనదేనా? కారణములతో వ్రాయుము.

ఈ) వ్యాకరణము
1. క్రీడోద్యానం = క్రీడా + ఉద్యానం – గుణసంధి. ఇదే విధంగా 'సూర్యోదయం' అనే పదమును విడదీయుము.
2. అత్యుత్తమ = అతి + ఉత్తమ – యణాదేశ సంధి. ఇటువంటి పదమును మరొకటి పాఠములో గుర్తింపుము.
3. పిన్నపెద్దలు, సముద్రతీరం – విగ్రహవాక్యములు వ్రాసి సమాసముల పేర్లు తెల్పుము.

ఉ) సొంత వాక్యములలో ప్రయోగింపుము: తలవంచు, అన్నం పెట్టు, బారులుతీరు.

ఊ) చేయవలసిన పని: నీ బడి చుట్టూ ఉన్న వీధులలో పిల్లలు క్షేమంగా పరుగెత్తదగినవి ఏవో మిత్రులతో కలిసి పరిశీలింపుము. అందులో ఒక వీధిని వారానికి ఒక ఉదయం ఆటలకు వదలవలసిందిగా కోరుతూ నగరపాలక సంస్థ అధికారికి లేఖ వ్రాయుము.