గర్భిణి రక్తం: గడ్డకట్టినా ముప్పే, గడ్డకట్టకున్నా ముప్పే

కాన్పులో తల్లికి రక్తస్రావం మితిమీరకుండా శరీరం ముందుగానే సిద్ధమవుతుంది. నెలలు నిండేకొద్దీ ఫైబ్రినోజెన్ వంటి, రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు పెరుగుతాయి. అదే సమయంలో పెరిగిన గర్భాశయం పొత్తికడుపులోని సిరలను నొక్కడంతో కాళ్ల నుంచి గుండెకు చేరే రక్తం నెమ్మదిస్తుంది. ఈ రెండూ కలిసి సిరల్లో రక్తపు గడ్డలకు దారితీయవచ్చు. గర్భం లేని స్త్రీలతో పోలిస్తే గర్భిణుల్లో ఈ ముప్పు సుమారు 4-5 రెట్లు ఎక్కువ. కాన్పు తర్వాత తొలి వారాల్లో ఇంకా ఎక్కువ. కాలిలోని గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

అందుకే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. వార్ఫరిన్ మాయను దాటి బిడ్డను చేరుతుంది, హెపారిన్ దాటదు.

అయితే గడ్డకట్టనివ్వని మందుతో మరో చిక్కుంది. వెన్నుపామును కప్పే పొర వెలుపల సన్నని సిరల వల ఉంటుంది. గర్భధారణలో ఈ సిరలు ఉబ్బుతాయి. హెపారిన్ ప్రభావం తగ్గకముందే నడుముకు మత్తు ఇస్తే, సూది తగిలిన సిర నుంచి రక్తం ఆగకుండా కారవచ్చు. చుట్టూ ఎముకే కాబట్టి, పోగైన రక్తం వెన్నుపామునూ నరాలనూ నొక్కుతుంది. చాలా అరుదుగా, సూది తగలకుండానే ఇలా జరుగుతుంది.

నివారణ అంతా సమయపాలనలోనే ఉంది. తక్కువ అణుభారం గల హెపారిన్‌ను నివారణ మోతాదులో తీసుకుంటే కనీసం 12 గంటలు, చికిత్స మోతాదులో తీసుకుంటే 24 గంటలు ఆగాకే సాధారణంగా నడుముకు మత్తు ఇస్తారు. అంత వ్యవధి లేని అత్యవసర సిజేరియన్‌కు పూర్తి మత్తు ఇస్తారు.

వెన్నులో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, కాళ్లలో బలహీనత లేదా తిమ్మిరి, మూత్రం రాకపోవడం, తగ్గాల్సిన మత్తు తగ్గకపోవడం ప్రమాద సూచనలు. వెంటనే ఎమ్మారై తీయాలి; అందులో ఎక్స్-కిరణాలు ఉండవు కనుక గర్భిణులకూ తీయవచ్చు. నరాలపై ఒత్తిడి ఉంటే సాధారణంగా వెన్నెముకలో కొంత ఎముక తొలగించి రక్తాన్ని తీసేస్తారు. గంటలు గడిచేకొద్దీ కాళ్లు శాశ్వతంగా చచ్చుబడే ముప్పు పెరుగుతుంది.

ఆపరేషన్ తర్వాత హెపారిన్ వెంటనే మొదలుపెడితే మళ్లీ రక్తస్రావం కావచ్చు, ఆలస్యమైతే గడ్డలు ఏర్పడవచ్చు. అందుకే ప్రసూతి, మత్తు, నరాల శస్త్రచికిత్స, రక్తవ్యాధుల నిపుణులు కలిసి నిర్ణయిస్తారు. ఆలోగా కాళ్లను లయగా నొక్కే గాలి పట్టీలు వాడతారు.

హెపారిన్ వాడుతున్న గర్భిణి భయపడి సొంతంగా ఇంజెక్షన్లు మానకూడదు. చివరి ఇంజెక్షన్ ఏ గంటకు, ఎంత మోతాదులో తీసుకున్నారో రాసి ఉంచుకోవాలి. నొప్పులు మొదలైతే తర్వాతి మోతాదుకు ముందే ఆసుపత్రిని సంప్రదించాలి.