శిక్షకుడు మారితే జట్టు మారుతుందా?

2017 ఫిబ్రవరి 23వ తేదీన ఇంగ్లండులోని లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్బు తన ముఖ్య శిక్షకుడైన క్లాడియో రానియేరిని పదవి నుండి తొలగించింది. అందులో వింత లేదు. ఓడిపోయే జట్ల శిక్షకులు పదవులు కోల్పోవడం ఆ దేశంలో ఏటా జరిగేదే. కాని సుమారు తొమ్మిది నెలల క్రితం ఆ క్లబ్బు చరిత్రలోనే మొదటిసారి ప్రీమియర్ లీగ్ విజేతగా నిలిచినది ఈ రానియేరి శిక్షణలోనే. గెలిపించినవాడే ఓటమికి కారకుడని అంత త్వరలో ఎలా తేలింది? అతణ్ణి పంపివేయడం వల్ల జట్టు బాగుపడిందా?

తొలగింపు నాటికి లెస్టర్ స్థితి దయనీయంగా ఉన్నమాట నిజం. లీగ్‌లో వరుసగా ఐదు ఆటలు ఓడింది. 2017లో అప్పటివరకు ఆడిన లీగ్ ఆటలలో ఒక్క గోలు కూడా చేయలేదు. ఇరవై జట్లలో పదిహేడవ స్థానంలో ఉంది. అట్టడుగున నిలిచిన మూడు జట్లు తరువాతి సంవత్సరం దిగువ శ్రేణికి దిగిపోవలసి ఉంటుంది. అలా దిగిపోయిన క్లబ్బుకు టెలివిజన్ ప్రసారాల ద్వారా వచ్చే ఆదాయం విపరీతంగా పడిపోతుంది. పేరున్న ఆటగాళ్లు విడిచిపోతారు. యాజమాన్యం భయం అర్థం చేసుకోదగినదే.

రానియేరి స్థానంలో అతని సహాయకుడైన క్రెయిగ్ షేక్‌స్పియర్ బాధ్యత స్వీకరించాడు. నాలుగు రోజులలోనే లివర్‌పూల్ జట్టును 3-1 తేడాతో ఓడించారు. అతని నాయకత్వంలో మొదటి ఐదు లీగ్ ఆటలలోనూ విజయమే లభించింది. చివరకు జట్టు పన్నెండవ స్థానంలో నిలిచింది. అయితే ఆ విజయాల ప్రభావం ఎంతకాలం నిలిచింది? అదే సంవత్సరం అక్టోబరులో, మళ్లీ అడుగుకు జారిన జట్టు నుండి షేక్‌స్పియర్‌ను కూడా తొలగించారు.

ఇక్కడ కాకతాళీయ న్యాయాన్ని స్మరించుకోవాలి. కాకి వాలగానే తాటిపండు రాలినంత మాత్రాన కాకి బరువుకే పండు రాలిందనుకోవడం పొరపాటు. రాలడానికి అది అప్పటికే పండి ఉంది. ఫుట్‌బాల్‌లో గోళ్లు అరుదు. బంతి గోల్‌పోస్టుకు తగిలి లోపలికి పోవడానికి, బయటికి పోవడానికి మధ్య తేడా కొన్ని అంగుళాలే. కనుక సామాన్యమైన జట్టుకు కూడా అప్పుడప్పుడు వరుస ఓటములు తప్పవు. అటువంటి కాలం శాశ్వతంగా ఉండదు. ఏ జట్టయినా కొంతకాలానికి తన సహజస్థాయికి తిరిగి వస్తుంది. శిక్షకుణ్ణి తొలగించేది సరిగ్గా ఓటములు పరాకాష్ఠకు చేరినప్పుడే కాబట్టి, ఆ తరువాత కనిపించే మెరుగుదల అంతా కొత్తవాని ఖాతాలో జమ అవుతుంది.

నెదర్లాండ్స్‌కు చెందిన ఆర్థికశాస్త్రవేత్త బాస్ టెర్ వీల్ ఈ విషయాన్ని పరిశీలించాడు. ఆ దేశపు అగ్రశ్రేణి లీగ్‌లో 1986 నుండి 2004 వరకు జరిగిన ఆటల ఫలితాలను తీసుకొని, శిక్షకుణ్ణి తొలగించిన జట్లను ఒకవైపు, అదేవిధంగా ఓడిపోతూ కూడా శిక్షకుణ్ణి మార్చని జట్లను మరొకవైపు ఉంచి పోల్చాడు. రెండు రకాల జట్లూ కోలుకున్నాయి. మార్చినవి మార్చనివాటి కంటే మెరుగుగా ఏమీ కోలుకోలేదు.

మరి యాజమాన్యాలు అదే మార్గాన్ని ఎందుకు ఎన్నుకుంటాయి? పాతికమంది ఆటగాళ్లను మార్చడం సాధ్యం కాదు. వారి క్రయవిక్రయాలకు వేసవిలోను, జనవరిలోను మాత్రమే గడువు ఉంటుంది. ఒక్క మనిషిని మార్చడం సులభం. ఆగ్రహించిన అభిమానులకు ఏదో చేశామని చూపవచ్చు. పైగా లోపం ఎంపికలో ఉందేమోనన్న ప్రశ్న యాజమాన్యం దాకా రాదు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. లెస్టర్ విషయంలోనే చూస్తే, విజేతగా నిలిచిన జట్టుకు మధ్యరంగంలో ప్రాణమై నిలిచిన ఎంగోలో కాంటేను 2016 వేసవిలో చెల్సీ క్లబ్బుకు అమ్మివేశారు. ఆ మరుసటి సంవత్సరం లీగ్ గెలిచినది చెల్సీ. ఆ లోటును తీర్చడం ఏ శిక్షకునికైనా కష్టమే.

అయితే మార్పు ఎన్నడూ ఫలించదనడం కూడా న్యాయం కాదు. అదే చెల్సీ 2021 జనవరిలో ఫ్రాంక్ లాంపార్డ్‌ను తొలగించి థామస్ టుకెల్‌ను నియమించింది. ఆ మే నెలలోనే ఐరోపా విజేతగా నిలిచింది. ఆ జట్టులో ప్రతిభ పుష్కలంగా ఉంది. దానిని సక్రమంగా అమర్చే మనిషి కావలసివచ్చింది. ప్రతిభే కొరవడిన చోట, లేదా కాలం మించిపోయిన చోట ఆ మందు పనిచేయదు. లెస్టర్ క్లబ్బే 2023 ఏప్రిల్‌లో బ్రెండన్ రోజర్స్‌ను సాగనంపింది. అయినా మే నెలలో దిగువ శ్రేణికి దిగిపోయింది.

దృష్టి అంతా శిక్షకునిపైనే నిలిస్తే అసలు లోపం మరుగున పడుతుంది. వృత్తి క్లబ్బు కాకపోయినా, భారత జాతీయ జట్టు అనుభవం ఇక్కడ గమనించదగినది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడిపోయింది. శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ చలిలో మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండా ఆడారు. తరువాత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన జట్టుకు రహీమే శిక్షకుడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణపతకం సాధించిన జట్టుకు కూడా ఆయనే.