వస్తురూప కల్పన – నాజూకుతనం ఎంతవరకు?

ఒక వస్తువు నాజూకుగా ఉందంటే మనం సాధారణంగా దాని పైమెరుగునే చూస్తాం. మరలు కనబడవు, అతుకులు కనబడవు, తీగలు కనబడవు. “ఎంత బాగుందో!” అంటాం. మరి ఆ కనబడనివన్నీ ఎక్కడికి పోయినట్టు? అవసరం తీరి తొలగిపోయాయా, లేక అవసరం ఉండి కూడా మూత కింద దాక్కున్నాయా? ఈ ప్రశ్న వేసుకుంటేగాని డిజైన్ అనే విద్య మనకు బోధపడదని నా అభిప్రాయం. స్నానాలగదిలోని కొళాయిని, రోడ్డు మీది ఎలక్ట్రిక్ మోటారుసైకిలును తీసుకుని పరిశీలిద్దాం.

ముందు కొళాయి సంగతి. డెన్మార్క్ నేషనల్ బ్యాంకు భవనాన్ని రూపొందించిన వాస్తుశిల్పి ఆర్నే జేకబ్సన్ దగ్గరికి వెర్నర్ ఓవర్‌గార్డ్ అనే పారిశ్రామికవేత్త ఒక ఆలోచనతో వెళ్లాడు. చన్నీళ్లు, వేణ్ణీళ్లు కలిపే భాగమంతా గోడలోనే ఉండాలి, పిడీ గొట్టమూ మాత్రమే బయటికి కనబడాలి. ఆ విధంగా 1968లో ‘వోలా’ కొళాయి రూపొందింది. ఈనాటికీ అది తయారవుతూనే ఉంది. మురికి పట్టే మూలలు తగ్గాయి, తుడవడం తేలికైంది. ఇది నాజూకుతనం వల్ల కలిగిన నిజమైన లాభం.

అయితే ఇందులో ఒక చిక్కుంది. గోడలో పెట్టిన భాగం కారడం మొదలైతే ఏం చేయాలి? విప్పడానికి ముందే దారి వదిలి ఉంటే సరే, లేకపోతే టైల్సు పగలగొట్టక తప్పదు. పిడి విషయమూ అంతే. నున్నటి గుండ్రని పిడి సబ్బు చేతికి జారిపోతుంది. 2 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గుండ్రని పిడి బదులు 10 సెంటీమీటర్ల మీట పెడితే, అదే పని అయిదోవంతు బలంతో అవుతుంది. కీళ్లనొప్పులున్న అవ్వకు ఈ లెక్క చెప్పనక్కరలేదు, ఆమె చేతికే తెలుస్తుంది!

ఇక మోటారుసైకిలు. విద్యుత్ మోటారు ఆగి ఉన్న స్థితి నుంచే పూర్తి బలం ఇవ్వగలదు కాబట్టి చాలా బండ్లకు క్లచ్, గేర్లు అక్కర్లేదు. పెట్రోలు ట్యాంకు, పొగగొట్టం అసలే ఉండవు. ఇది దాచిపెట్టడం కాదు, నిజంగా తొలగిపోవడం. అయినా 2019లో హార్లీ–డేవిడ్‌సన్ అమ్మకానికి తెచ్చిన ‘లైవ్‌వైర్’లో ట్యాంకు ఆకారం అలాగే ఉంది. పెట్రోలు మూత ఉండవలసిన చోట చార్జింగు సాకెట్టు పెట్టారు. మనిషి కంటికి అలవాటైన రూపం అంత తొందరగా పోదన్నమాట. అదే బండిలో బ్యాటరీ పెట్టెకు బయట రెక్కలున్నాయి. అవి అలంకారం కాదు, వేడి గాలిలోకి పోవడానికి పెట్టినవి. నాజూకు కోసం వాటిని చెక్కేస్తే నష్టపోయేది బ్యాటరీయే.

నున్నటి ఒళ్లు శాస్త్రరీత్యా పనికొచ్చే చోటు కూడా ఉంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది, దాన్ని జయించడానికి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లు. పైగా కిలోకు కిలో పోల్చి చూస్తే పెట్రోలులో ఉన్నంత శక్తి బ్యాటరీలో ఉండదు. కనుక గాలిని తేలిగ్గా చీల్చుకుపోయే రూపం ఉంటే, ఒక్క చార్జింగుతో మరికొంత దూరం పోవచ్చు. ఇక్కడ అందమూ ఉపయోగమూ ఒకటే.

ఈ పాఠం మనకు కొత్తది కాదు. భారత ప్రభుత్వ ఆహ్వానం మీద వచ్చిన అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదికలో మన చెంబునే ఆదర్శంగా చూపించారు. చేతిలో ఇమిడే తీరు, నిండినప్పటి తూకం, నీళ్లు వంపే వాలు, శుభ్రం చేసే వీలు – ఇవన్నీ తరతరాల వాడుకలో కుదురుకున్నాయి. 1961లో అహ్మదాబాద్‌లో వెలసిన జాతీయ డిజైన్ సంస్థకు ఆ నివేదికే ప్రేరణ.

రేపు మనలో కొందరు వస్తువులు గీస్తారు, తక్కినవాళ్లం వాటిని కొంటాం. గీసేముందూ కొనేముందూ మూడు ప్రశ్నలు అడుగుదాం. చీకట్లో చేతికి దొరుకుతుందా? ముసలివాళ్లు వాడగలరా? చెడిపోతే మన వీధి మెకానిక్కు విప్పగలడా? ఈ మూడింటికీ ఔనని జవాబు వస్తే ఆ నాజూకు నిజమైనది. రాకపోతే దాని ఖరీదు మరెవరో కష్టపడి చెల్లిస్తున్నారని అర్థం.