కవాటపు స్ప్రింగు, సాంచా స్ప్రింగు

పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో హుక్ నియమం ఒక పేజీలో అయిపోతుంది. స్ప్రింగును ఎంత సాగదీస్తే అంతకు తగిన బలంతో అది వెనక్కి లాగుతుంది. ఈ ఒక్క మాటను రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలాగా అచ్చు వేయించాడు. రెండేళ్ల తర్వాత 1678లో దాన్ని విప్పి చెప్పాడు. సూరత్‌లో చదువుకునే మన తెలుగు పిల్లలకు ఈ నియమం పుస్తకంలో కన్నా ముందే ఇంట్లో ఎదురవుతుంది. లింబాయత్, ఉధ్నా వైపు కార్ఖానాల్లో సాంచాలు నడిపే నాన్నలు, బాబాయిలు రోజూ స్ప్రింగులతోనే పని చేస్తారు. అందుకే ఈసారి రెండు యంత్రాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి మోటారు సైకిలు ఇంజను, రెండోది సాంచా.

తెలుగు మాస్టర్లకు ఇంజన్లతో ఏం పని అని కొందరు అడగవచ్చు. కవాటం అంటే తలుపు రెక్క. గుండెకూ ఇంజనుకూ కవాటాలు ఉన్నాయని మన పాఠ్యపుస్తకాలే చెబుతాయి. ఆ రెక్కను వేసేది ఎవరో తెలుసుకోవడం మాకు భాషా పాఠంలో భాగమే.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో కవాటం నిమిషానికి 3000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. తెరిచేది క్యామ్. గుడ్డు ఆకారంలో ఉండే ఆ ఇనుప ముక్క కవాటాన్ని తోయగలదు గానీ వెనక్కి లాగలేదు. వెనక్కి తెచ్చే పని పూర్తిగా స్ప్రింగుదే.

ఇప్పుడు డాబీ ఉన్న సాంచా దగ్గరికి రండి. పడుగు దారాలను పట్టుకున్న చట్రాలను డాబీ పైకెత్తుతుంది. కొన్ని దారాలు పైన, కొన్ని కింద ఉండి మధ్యలో సందు ఏర్పడితే నాడె ఆ సందులోంచి దూసుకుపోతుంది. మామూలు డాబీ చట్రాన్ని పైకి లాగడం వరకే చేస్తుంది. కిందికి దించేవి చట్రం అడుగున తగిలించిన స్ప్రింగులు. ఒకరు ఎత్తడం, స్ప్రింగు దించడం అనే ఏర్పాటు రెండు యంత్రాల్లోనూ ఒకటే. సాంచాలో స్ప్రింగు సాగుతుంది, ఇంజనులో నొక్కుకుంటుంది.

సాంచా స్ప్రింగు నీరసపడితే చట్రం వేళకు కిందికి రాదు. సందు సరిగా తెరుచుకోదు. నాడె దారాలను తెంపుతుంది, లేదా తప్పు దారం మీదుగా పోతుంది. గుడ్డలో లోపం పడుతుంది. కూలి మీటరు లెక్కన ఇచ్చే చోట ఆ లోపం ఎవరి జేబులోంచి పోతుందో మీ ఇంట్లో అడిగితే చెబుతారు.

ఇంజనులో ఇదే సంగతి మరింత ప్రమాదకరంగా జరుగుతుంది. కవాటం పూర్తిగా తెరుచుకునే దగ్గర ఏం జరుగుతుందో జాగ్రత్తగా ఊహించండి. క్యామ్ దాన్ని జోరుగా తోసింది. ఇప్పుడు అది ఆగి వెనక్కి తిరగాలి. దానికి బ్రేకు వేసేది స్ప్రింగే. ఆ బలం చాలకపోతే కవాటం క్యామ్‌ను వదిలి గాలిలో తేలుతుంది. దీన్నే మెకానిక్కులు వాల్వ్ ఫ్లోట్ అంటారు. మూసుకోవలసిన వేళకు కవాటం మూసుకోదు. పవరు పడిపోతుంది. పైకి వస్తున్న పిస్టన్ తెరిచి ఉన్న కవాటాన్ని గుద్దితే అది వంగిపోతుంది. పిస్టన్‌కు రంధ్రం పడవచ్చు కూడా.

వేగం పెంచితే ఎంత ఎక్కువ బలం కావాలి? ఇక్కడ చాలామంది పొరబడతారు. కవాటాన్ని ఆపి తిప్పడానికి కావలసిన బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6000 చుట్ల నుంచి 7000 చుట్లకు పోతే వేగం పెరిగింది ఆరో వంతే. కావలసిన బలం మాత్రం 36 శాతం పెరుగుతుంది.

అయితే గట్టి స్ప్రింగు వేసేస్తే సరిపోతుంది కదా అని బైకుల పిచ్చి ఉన్న ప్రతి కుర్రవాడూ అంటాడు. ఆ గట్టిదనం ఎక్కడ నుంచి వస్తుందో చూద్దాం. స్ప్రింగు కాఠిన్యం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, చుట్టు వ్యాసపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. తీగను 10 శాతం మందం చేస్తే స్ప్రింగు ఏకంగా 46 శాతం గట్టిపడుతుంది.

ఊహకు ఒక స్ప్రింగు తీసుకుందాం. ఖాళీగా ఉన్నప్పుడు పొడవు 45 మి.మీ. బిగించాక, కవాటం మూసి ఉన్నప్పుడు, 40 మి.మీ. ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి 30 న్యూటన్లు కావాలి. అంటే మూసి ఉన్నప్పుడు 150 న్యూటన్ల బలం. క్యామ్ 9 మి.మీ. తెరిస్తే మొత్తం నొక్కు 14 మి.మీ., బలం 420 న్యూటన్లు. అది సుమారు 43 కిలోల బరువు. తీగ మందం 4 మి.మీ., చుట్లు ఆరున్నర అయితే చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకున్నప్పుడు పొడవు 26 మి.మీ. తెరిచినప్పుడు పొడవు 31 గనక ఇంకా 5 మి.మీ. ఖాళీ ఉంది.

పవరు కోసం 11 మి.మీ. తెరిచే క్యామ్ వేశారనుకోండి. ఖాళీ 3 మి.మీ.కు తగ్గింది, ఫరవాలేదు. దానికి తోడు 4.4 మి.మీ. తీగతో చేసిన గట్టి స్ప్రింగు వేశారు. తక్కిన కొలతలు మారలేదు. అప్పుడు మూసి ఉన్నప్పటి బలం సుమారు 220 న్యూటన్లు, పూర్తిగా తెరిచినప్పుడు సుమారు 700. చుట్లన్నీ ఆనుకుంటే పొడవు 28.6 మి.మీ. కవాటం తెరిచినప్పుడు పొడవు 29. మిగిలింది 0.4 మి.మీ.! కనీసం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండాలని పనివాళ్లు చూసుకుంటారు. స్ప్రింగు అడుగున అర మిల్లీమీటరు షిమ్ పడితే చాలు, కవాటం పూర్తిగా తెరుచుకోక ముందే చుట్లు కలిసిపోయి స్ప్రింగు ఇనుప గొట్టంలా అయిపోతుంది. క్యామ్ మాత్రం తోస్తూనే ఉంటుంది. ఏదో ఒకటి విరగక తప్పదు. విరగకపోయినా అంత బలంతో రాసుకుంటున్న క్యామ్ త్వరగా అరిగిపోతుంది.

అందుకే తెలిసిన మెకానిక్ పనిలో సగం కొలతలే. కవాటపు కూర్చోబెట్టు అరిగినా, గ్రైండ్ చేసినా స్ప్రింగు నిలిచే ఎత్తు పెరిగి బలం తగ్గుతుంది. మన ఉదాహరణలో ఒక మిల్లీమీటరుకు 30 న్యూటన్లు పోయినట్టే. దాన్ని షిమ్‌తో సరిచేస్తారు. ప్రతి స్ప్రింగునూ టెస్టరు మీద పెట్టి మూసిన ఎత్తు దగ్గర, తెరిచిన ఎత్తు దగ్గర బలం చూస్తారు. స్ప్రింగు పైన ఉండే టోపీ కవాటపు ఆయిల్ సీలుకు తగలకుండా చూసుకుంటారు. ఇంకో కిటుకు ఉంది. స్ప్రింగును గట్టిపరచే బదులు అది మోసే బరువును తగ్గించవచ్చు. పందెపు ఇంజన్లలో ఆ టోపీని టైటానియంతో చేయడం అందుకే. మాకు ఈ దారే నచ్చుతుంది.

స్ప్రింగుకూ సొంత బరువు ఉంది. పొడవాటి తాడు కొసను ఊపితే అల పాకినట్టు దాని చుట్లలోనూ అలలు పాకుతాయి. ఆ ఊపు క్యామ్ ఊపుతో కలిస్తే స్ప్రింగు తన బలాన్ని నమ్మకంగా ఇవ్వలేదు. ఒకదానిలో ఒకటిగా రెండు స్ప్రింగులు పెట్టడం దానికి ఒక మందు. రెండూ వేర్వేరు లయల్లో ఊగుతాయి గనక ఒకేసారి చెదరవు. చుట్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కోకుండా ఒకటి కుడికి, ఒకటి ఎడమకు చుడతారు.

స్ప్రింగును నమ్మలేమన్నవాళ్లూ ఉన్నారు. ఇటలీలో డుకాటీ ఇంజనీరు ఫాబియో తాలియోని 1956 పందెపు బండిలో కవాటాన్ని మూయడానికి కూడా క్యామ్‌నే పెట్టాడు. రెనో కంపెనీ 1986లో ఫార్ములా వన్ ఇంజనులో ఉక్కు స్ప్రింగు బదులు నొక్కిపట్టిన వాయువును వాడింది. సాంచాల్లోనూ చట్రాన్ని తానే ఎత్తి తానే దించే పాజిటివ్ డాబీలు ఉన్నాయి. యంత్రం ఖరీదు, భాగాల సంఖ్య రెండు చోట్లా పెరుగుతాయి.

బండి విషయంలో ఒక మాట. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. పవరు పెంచిన ఇంజన్ల చోటు పందెపు మైదానమే.

ఇక అభ్యాసం. పెద్దలను అడిగి, పక్కన పడేసిన పాత సాంచా స్ప్రింగు ఒకటి తెచ్చుకోండి. నడుస్తున్న సాంచా దగ్గరికి మాత్రం పోవద్దు. దాన్ని మేకుకు తగిలించి అర కిలో, కిలో, కిలోన్నర చొప్పున బరువులు వేలాడదీసి, ప్రతిసారీ పొడవు రాసుకోండి. మొదటి ఒకటి రెండు బరువులకు స్ప్రింగు కదలకపోవచ్చు. చుట్లు దగ్గరగా ఆనుకునేలా బిగించి చుట్టిన స్ప్రింగు ఆ బిగువు దాటాకే సాగడం మొదలుపెడుతుంది. అందుకని గ్రాఫు సున్నా నుంచి బయలుదేరదు. ఆ గీత ఎక్కడ మొదలైందో, ఎంత వాలుగా ఉందో గుర్తించి, దొరికితే కొత్త స్ప్రింగుతో కూడా చేసి రెండు గీతలూ ఒకే కాగితం మీద గీసుకురండి.