వచ్చే నీరు – పోయే నీరు

వడ్లమూడి గుంటూరు – తెనాలి రోడ్డు మీద ఉన్న ఊరు. అక్కడి నుంచి తెనాలి, రేపల్లె వైపు వెళ్లేకొద్దీ కాలువలే కాలువలు. అది కృష్ణా డెల్టా. డెల్టాలో రెండు రకాల కాలువలు ఉంటాయి. ఒకటి సాగునీటి కాలువ. అది పొలానికి నీరు తెస్తుంది. రెండోది మురుగు కాలువ. అది పొలంలో మిగిలిన నీటిని బయటకు తీసుకుపోతుంది. ఈ రెండూ కలవకూడదు. ఈ సంగతి నాట్లు వేసే ప్రతి ఆడమనిషికీ తెలుసు.

ఇంటికీ ఇదే లెక్క. ఇంటికి వచ్చే నీరు ఒకటి. ఇంటి నుంచి పోయే నీరు ఒకటి. వంట చేసిన నీరు, స్నానం చేసిన నీరు, బట్టలు ఉతికిన నీరు, మరుగుదొడ్డి నీరు – ఇవన్నీ పోయే నీళ్లు. పోయే నీరు వచ్చే నీటిలో కలిస్తే జబ్బులు వస్తాయి. ప్రాణాలు కూడా పోతాయి.

పల్లెలో పోయే నీరు సైడు కాలువలో కంటికి కనపడుతుంది. పట్నంలో అది భూమి కింద గొట్టాల్లో పోతుంది. కంటికి కనపడదు. కనపడనిదాన్ని జనం మర్చిపోతారు. గొట్టం మాత్రం రోజురోజుకీ పాతబడుతూనే ఉంటుంది.

మురుగు గొట్టం వాగు పక్కనే ఎందుకు?

నీరు పల్లమెరుగు అని పెద్దలు అన్నారు. మురుగు కూడా అంతే. ఊరిలో అన్నిటికంటే పల్లం ఏది? వాగు. అందుకే ఇళ్ల నుంచి వచ్చే చిన్న గొట్టాలు వీధి గొట్టంలో కలుస్తాయి. వీధి గొట్టాలన్నీ పెద్ద గొట్టంలో కలుస్తాయి. ఆ పెద్ద గొట్టాన్ని వాగు గట్టు వెంట, నది గట్టు వెంట వేస్తారు. అట్లా వేస్తే మురుగు తనంతట తానే వాలుకు పారుతుంది. కరెంటు మోటారు అవసరం అంతగా ఉండదు. పెద్ద గొట్టం చివర మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంటుంది. శుద్ధి చేసిన తర్వాతే నీటిని నదిలో వదలాలి.

ఇందులో మేలు ఉంది. ప్రమాదమూ ఉంది. గొట్టం పగిలితే మురుగు నేరుగా వాగులోకే పోతుంది.

హైదరాబాదు కథ

హైదరాబాదులో మూసీ నది ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి పెద్ద వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. ఇళ్లు కొట్టుకుపోయాయి. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఆయన ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య అనే ఇంజనీరును పిలిపించింది. ఆయన 1909లో వచ్చారు.

విశ్వేశ్వరయ్య రెండు పనులు చెప్పారు. వరద ఆపడానికి నగరానికి పైన చెరువులు కట్టాలన్నారు. అట్లా కట్టినవే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. రెండో పని, ఊరి మురుగు పోవడానికి భూమి కింద గొట్టాలు వేయాలన్నారు. ఈ పని కోసం ఆయన 1922లో మళ్లీ వచ్చి సలహా ఇచ్చారు. 1931 నుంచి మురుగు గొట్టాలు వాడకంలోకి వచ్చాయి.

ఆ గొట్టాలు ఎంతమందికి సరిపోవాలని లెక్క వేశారు? 4 లక్షల 68 వేల మందికి. ఆనాటికి అది పెద్ద లెక్కే. కానీ ఊరు పెరిగింది. 2011 జనాభా లెక్కల నాటికి నగరపాలక సంస్థ పరిధిలో 67 లక్షల మంది ఉన్నారు. నలుగురి కోసం పెట్టిన ఎసరులో అరవై మందికి అన్నం వండితే ఉడుకుతుందా? కొత్త పేటల్లో కొత్త గొట్టాలు వేశారు. అయినా చాలా చోట్ల వాటి మురుగు కూడా పాత గొట్టాల్లోకే వచ్చి చేరింది. ఎక్కువైన మురుగు నాలాల్లోకి పొంగింది. నాలాల నుంచి మూసీలోకి పోయింది.

ఆ మూసీ ఎక్కడికి పోతుంది? నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణే విజయవాడ వస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్లుతుంది. తెనాలి వైపు పొలాలకు, చెరువులకు వచ్చేది ఆ నీరే. ఇంత దూరం వచ్చేసరికి మురుగు పలచబడుతుంది. కానీ నది ఒకటే. ఎగువ ఊరికి పోయే నీరు, దిగువ ఊరికి వచ్చే నీరు.

గొట్టం ఎందుకు పాడవుతుంది?

మురుగు కుళ్లితే ఒక గాలి పుడుతుంది. అది కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఆ గాలి గొట్టం లోపల పైకప్పుకు చేరుతుంది. అక్కడి తడితో కలిసి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం సిమెంటును తినేస్తుంది. అందుకే సిమెంటు గొట్టం ముందుగా పైభాగంలోనే పలచబడి కూలుతుంది.

పాత మట్టి గొట్టాల అతుకులు విడిపోతాయి. ఆ సందుల్లోంచి చెట్ల వేళ్లు లోపలికి దూరతాయి. పైన లారీలు తిరిగితే గొట్టం చిట్లుతుంది. జనం గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, ఇసుక వేస్తే పూడిపోతుంది. వానాకాలంలో రోడ్డు మీది నీరు కూడా అందులోకి దూరితే మేన్‌హోల్ మూత లేచిపోయి మురుగు రోడ్డెక్కుతుంది.

పాడైన గొట్టానికి కొన్ని గుర్తులు ఉంటాయి. రోడ్డు ఉన్నట్టుండి కుంగుతుంది. వాన లేకపోయినా మేన్‌హోల్ పొంగుతుంది. ఎండాకాలంలో కూడా వాగులో నల్లనీరు పారుతుంది. కుళాయి నీరు రంగు మారుతుంది, వాసన వస్తుంది.

గొట్టం ఎట్లా మారుస్తారు?

మొదట గొట్టం లోపలికి చిన్న కెమెరా పంపుతారు. ఎక్కడ పగిలిందో, ఎక్కడ పూడిందో టీవీలో చూస్తారు.

రెండోది, మురుగును దారి మళ్లిస్తారు. పని జరుగుతున్నదని జనం స్నానాలు మానరు కదా! అందుకని పై మేన్‌హోల్ నుంచి పంపుతో తోడి, కింది మేన్‌హోల్‌లో పోస్తారు.

మూడోది, కందకం తవ్వుతారు. వాగు గట్టున నేల మెత్తగా ఉంటుంది. పక్క గోడలు కూలి మనుషుల మీద పడవచ్చు. అందుకని రెండు పక్కలా పలకలు పెట్టి, అడ్డంగా కొయ్యలు బిగించాలి.

నాలుగోది, సరైన వాలులో కొత్త గొట్టం వేస్తారు. వాలు తక్కువైతే మట్టి పేరుకుంటుంది. అతుకుల దగ్గర రబ్బరు చుట్టలు వేసి బిగిస్తారు. నీరు నింపి కారుతున్నదేమో చూస్తారు. తర్వాతే పూడుస్తారు.

అన్ని చోట్లా తవ్వాల్సిన పని లేదు. గొట్టం సైజు సరిపోయి, కొంచెమే పాడైతే, దాని లోపలే కొత్త పొర వేస్తారు. పాత పరుపుకు కొత్త గలీబు తొడిగినట్టు. కానీ జనం పెరిగిన చోట గొట్టాన్ని పెద్దది చేయక తప్పదు.

గొట్టం నోరు రెండింతలు వెడల్పైతే లోపల చోటు ఎంత పెరుగుతుంది? రెండింతలు అనుకుంటారు. కాదు, నాలుగింతలు. 6 అంగుళాల అట్టుకు ఒక గరిటె పిండి పడితే, అంతే మందాన 12 అంగుళాల అట్టుకు నాలుగు గరిటెలు పడుతుంది. ఇదీ అంతే.

ఈ సంగతి లండన్ నగరం ముందే గ్రహించింది. ఆ ఊరి మురుగు అంతా థేమ్స్ నదిలోకి పోయేది. ఆ నీరే చాలామంది తాగేవారు. కలరా వచ్చి వేలమంది చనిపోయారు. 1858 ఎండాకాలంలో నది కంపు భరించలేకపోయారు. అప్పుడు బజల్జెట్ అనే ఇంజనీరు నది వెంట పెద్ద మురుగు సొరంగాలు కట్టించాడు. రాబోయే జనాన్ని కూడా లెక్కలో వేసుకుని పెద్దవిగా కట్టించాడు. వాటిలో చాలావాటిని ఇప్పటికీ వాడుతున్నారు.

హైదరాబాదులో కూడా పనులు మొదలయ్యాయి. అంబర్‌పేటలో రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది. 2021లో మరో 31 కేంద్రాలు కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. వాటిలో కొన్ని 2023 నుంచి పని చేయడం మొదలుపెట్టాయి. 2022లో కార్వాన్, గోషామహల్, నాంపల్లి వైపు పాత గొట్టాలు తీసి కొత్తవి వేసే పని చేపట్టారు. శుద్ధి కేంద్రం ఎంత పెద్దదైనా మురుగు అక్కడికి చేరాలి. మధ్యలో గొట్టం పగిలితే కేంద్రం కట్టి ఏం లాభం?

గుంటూరులో ఏం జరిగింది?

ఇది హైదరాబాదు సంగతే అనుకోకూడదు. 2018 మార్చిలో గుంటూరు పాత పట్టణంలో వాంతులు, విరేచనాలు వ్యాపించాయి. వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. పలువురు చనిపోయారు. తాగునీటిలో మురుగు కలవడమే దీనికి కారణం.

మురుగు తాగునీటి గొట్టంలోకి ఎట్లా వస్తుంది? ఒక అత్తాకోడళ్లు కుళాయి దగ్గర ఇట్లా మాట్లాడుకున్నారనుకోండి.

"అత్తయ్యా, కుళాయి గొట్టం నిండా నీళ్లుంటాయి గదా. చిల్లు పడితే నీళ్లు బయటికి పోవాలి గానీ, మురుగు లోపలికి ఎట్టా వస్తది?"

"నీళ్లు వదిలినంతసేపూ బయటికే పోతయ్యమ్మాయ్. మరి నీళ్లు కట్టేసినాక?"

"గొట్టం ఖాళీ అవుతది."

"ఆఁ, అప్పుడే. గొట్టం ఖాళీ అయితే చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీలుస్తది. మన గొట్టం సైడు కాలువలో మునిగి ఉంది చూడు. చిల్లు పడితే పీల్చేది ఆ మురుగునే."

"అయితే పొద్దున్నే వచ్చే మొదటి బిందె..."

"అందులో ఆ మురుగే ఉంటది. మొదట వచ్చే నీళ్లు పట్టుకోబాక. అయినా అది చాలదు. గొట్టాన్ని కాలువలోంచి తీయించాలి."

అత్త చెప్పింది నిజం. రోజులో కొంతసేపే నీళ్లు వదిలే ఊళ్లన్నిటికీ ఈ ప్రమాదం ఉంది.

మురుగులోకి మనిషి దిగకూడదు

మేన్‌హోల్‌లో విషవాయువు ఉంటుంది. అది కంటికి కనపడదు. ఎక్కువైతే వాసన కూడా తెలియదు. దిగిన మనిషి నిమిషాల్లో పడిపోతాడు. అతన్ని కాపాడాలని దిగినవారు కూడా చనిపోతారు. ఇంటి సెప్టిక్ ట్యాంకులో కూడా ఇదే ప్రమాదం.

2013లో ఒక చట్టం వచ్చింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గొట్టంలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. అట్లా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. డబ్బు వస్తుంది. మనిషి తిరిగి రాడు. ఈ పని యంత్రాలతోనే చేయించాలి. హైదరాబాదులో 2017 నుంచి ఇరుకు సందుల్లో తిరిగే చిన్న యంత్రాలు వాడుతున్నారు.

మీ ఊళ్లో ఏం చేయవచ్చు?

మీ వీధిలో ఒకసారి నడిచి చూడండి. తాగునీటి గొట్టం సైడు కాలువను ఎక్కడ దాటుతున్నదో చూడండి. కారుతున్న చోటు గుర్తు పెట్టండి. ఆ చోట్లన్నీ కాగితం మీద రాయండి. వీధి పేరు, తేదీ వేయండి. పదిమంది సంతకాలు పెట్టండి. గ్రామసభలో ఇవ్వండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది. రాసి ఇచ్చిన మాటకు జవాబు చెప్పాలి. చదువు నేర్చింది ఇందుకే.

మరుగుదొడ్డి గుంటకు, తాగునీటి బావికి మధ్య 50 అడుగులైనా దూరం ఉండాలి. సెప్టిక్ ట్యాంకు నీటిని సైడు కాలువలోకి వదలకూడదు. ఇంకుడు గుంటలోకి వదలాలి.

ఊళ్లో విరేచనాలు మొదలైతే నీళ్లు మరగకాచి చల్లార్చి తాగండి. జబ్బు పడినవారికి ఓఆర్‌ఎస్ ఇవ్వండి. అది దొరకకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. చెంచాలు తలకొట్టి కొలవండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకండి. కళ్లు గుంటలు పడినా, మూత్రం రాకపోయినా, రక్తం పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి.

గుర్తుంచుకోండి

వచ్చే నీరు, పోయే నీరు కలవకూడదు.
కనపడని గొట్టాన్ని కూలకముందే మార్చాలి.
గొట్టం ఈనాటి జనానికే కాదు, రేపటి జనానికి కూడా సరిపోవాలి.
మురుగులోకి మనిషి దిగకూడదు.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఇంటి నుంచి పోయే నీరు చివరకు ఎక్కడికి చేరుతుంది?
2. మురుగు గొట్టాన్ని వాగు పక్కన ఎందుకు వేస్తారు?
3. నీళ్లు కట్టేసిన తర్వాతే మురుగు గొట్టంలోకి ఎందుకు వస్తుంది?
4. మీ వీధిలో గొట్టం కారుతున్నదని పంచాయతీకి ఒక అర్జీ రాయండి.